ఇంట్లో పాస్‌వర్డ్‌లు పంచుకోవడానికి ఫైలా, సర్వరా? ముందు రాసేవాళ్ళు ఎంతమందో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏళ్ళ తరబడి కీపాస్ ఫైల్ (పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచుకునే ఒక ఫైల్) ఒక్కరే వాడుతున్నారు, దాంతో మీకు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు మీ ఆవిడ, కాలేజీలో చదివే అమ్మాయి, వేరే ఇంట్లో ఉండే అమ్మానాన్నలు కూడా కొన్ని పాస్‌వర్డ్‌లు కలిసి వాడాలి. అదే ఫైల్‌ని క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టి అందరికీ ఇచ్చేస్తే సరిపోతుందా, బిట్‌వార్డెన్, 1పాస్‌వర్డ్ లాంటి, పాస్‌వర్డ్‌లు కంపెనీ సర్వర్‌లో దాచే యాప్‌లకి మారాలా, మారితే మన గుట్టంతా ఎవరి చేతిలోనో పెట్టినట్టు కాదా అని మీ సందేహం.

జవాబు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆ ఫైల్‌లో రాసేది మీరొక్కరే, మిగతావాళ్ళు చూసుకోవడమే అయితే మీ కీపాస్ భేషుగ్గా సరిపోతుంది. రెండో మనిషి కూడా అందులో రాయడం మొదలుపెట్టిన రోజు నుంచి సర్వర్ ఉన్నదే మేలు. ఎవరి ఎన్‌క్రిప్షన్ (సమాచారానికి తాళం వేసే పద్ధతి) గట్టిది అనే దాని మీద జనం గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, ఇంటి విషయంలో అది రెండో ప్రశ్న. నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చాలా కాలంగా ఉన్నాను. ఇంట్లో నాలుగేళ్ళు ఫైల్ పద్ధతే నడిపి చివరికి మార్చాను. మార్చింది భద్రత కోసం కాదు, ఇంట్లో గొడవ పడలేక.

ఎలా చెడిందో చెబుతాను. ఒకే ఫైల్. దాన్ని తెరవడానికి నా ల్యాప్‌టాప్‌లో కీపాస్ఎక్స్‌సీ, మా ఆవిడ ఫోన్‌లో కీపాస్‌డీఎక్స్, రెండు చోట్లా ఫైల్ ఒకేలా ఉంచడానికి మధ్యలో సింక్‌థింగ్. ఒకరోజు మధ్యాహ్నం తను ఇంటర్నెట్ కనెక్షన్ ఖాతా పాస్‌వర్డ్ మార్చి, బుద్ధిగా ఫోన్‌లో సేవ్ చేసింది. ఫోనేమో బ్యాటరీ ఆదా పేరుతో సింక్‌థింగ్‌ని వెనకాల నిద్రపుచ్చేసింది, కాబట్టి ఆ మార్పు ఫోన్ దాటి బయటికి రాలేదు. అదే సాయంత్రం నేను ల్యాప్‌టాప్‌లో ఇంకేదో ఎంట్రీ చేర్చాను. రాత్రి తను ఫోన్ చార్జింగ్‌కి పెట్టగానే సింక్ మేలుకుంది. చూస్తే ఫైల్ రెండు వైపులా మారి ఉంది. లోపల ఏముందో దానికి తెలియదు కదా, తర్వాత మారిన నా ఫైల్‌ని అసలుదిగా ఉంచి, ముందు మారిన ఆవిడ ఫైల్ పేరుకి సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని, తేదీ, సమయం తగిలించి పక్కన పడేసింది. మూడు రోజుల తర్వాత నెట్ ఖాతాలోకి వెళ్ళాల్సి వచ్చింది. "నేను సేవ్ చేశాను" అని తను, "ఫైల్‌లో లేదు" అని నేను. ఇద్దరం చెప్పిందీ నిజమే. పాస్‌వర్డ్ ఎక్కడికీ పోలేదు, అదే ఫోల్డర్‌లో ఎవరూ తెరవని ఇంకో ఫైల్‌లో కూర్చుని ఉంది.

దీనికి సింక్‌థింగ్‌ని తిట్టి లాభం లేదు, డ్రాప్‌బాక్స్ అయినా అలాంటి పరిస్థితిలో రెండో కాపీ తయారుచేసి పెడుతుంది. అసలు కారణం ఫైల్‌లోనే ఉంది. కేడీబీఎక్స్, అంటే కీపాస్ ఫైల్ రకం, మొత్తం ఒకే ముద్ద. మీరు ఒక్క ఎంట్రీలో ఒక్క అక్షరం మార్చినా ఫైలంతా కొత్తగా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, బయటినుంచి చూసేవాళ్ళకి పాత ఫైల్‌కీ కొత్త ఫైల్‌కీ పోలికే కనబడదు. అదే దాని భద్రత కూడా. ఏం మారిందో బయటివాళ్ళకి తెలియకూడదు అన్నామంటే, ఆ బయటివాళ్ళలో సింక్ చేసే ప్రోగ్రామ్ కూడా ఉంటుంది మరి. రెండింటినీ కలపాలంటే తాళం తీసి లోపలికి వెళ్ళినవాళ్ళే కలపాలి.

కీపాస్ఎక్స్‌సీలో ఆ సదుపాయం ఉంది, డేటాబేస్ మెనూలో మెర్జ్ అని. బాగానే పనిచేస్తుంది కూడా. ఒక్కో ఎంట్రీ చివరిసారి ఎప్పుడు మారిందో చూసి కొత్తదాన్ని పైన ఉంచుతుంది, పాతదాన్ని ఆ ఎంట్రీ చరిత్రలోకి తోస్తుంది. నాకు రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల పని చేయగలిగింది ఇంట్లో నేనొక్కడినే. నేను ఊళ్ళో లేనప్పుడు కాన్‌ఫ్లిక్ట్ వస్తే నేను వచ్చేదాకా అది అలాగే ఉంటుంది, ఈలోగా ఇంకో రెండు తోడవుతాయి. ఒకసారి ఫోల్డర్ తెరిచి చూస్తే ఏడు ఫైళ్ళు. ఏది అసలుదో ఆ క్షణంలో నాక్కూడా తెలియలేదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది: ఒకసారి "సేవ్ చేశాను కానీ లేదు" అనే అనుభవం అయినవాళ్ళు ఆ యాప్‌ని మళ్ళీ నమ్మరు. మా ఆవిడ చడీచప్పుడు లేకుండా పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నోట్స్‌లో రాసుకోవడం మొదలుపెట్టింది. తప్పు పట్టలేను, నోట్స్ ఆవిడకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

అందుకే రాసేవాళ్ళ సంఖ్య అంటున్నాను. మీరొక్కరే రాసి మిగతావాళ్ళు చదువుకునే ఇల్లయితే పై కథలో ఒక్కటీ జరగదు. అలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి, మీదీ అలాంటిదే కావచ్చు. అప్పుడు ఫైల్‌తోనే ఉండండి, కాకపోతే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి.

మొదటిది, మీ సొంత ఫైల్‌నే అందరికీ ఇవ్వకండి. కీపాస్ ఫైల్‌కి ఒకటే తాళం, తెరిస్తే మొత్తం తెరుచుకుంటుంది. ఈ నాలుగూ అమ్మాయికి, ఆ ఆరూ నాన్నగారికి అని వాటాలు వేయడం కుదరదు. ఇంటివాటికి వేరే ఫైల్ పెట్టి దానికి వేరే మాస్టర్ పాస్‌వర్డ్ (మొత్తం తాళం తీసే పాస్‌వర్డ్) పెట్టండి. కీపాస్ఎక్స్‌సీలో కీషేర్ అని ఒక సౌకర్యం ఉంది, మీ ఫైల్‌లోని ఒక గ్రూప్‌ని మాత్రం విడిగా ఇంకో ఫైల్‌గా పంపుతుంది, అవతలివాళ్ళు దాన్ని తమ ఫైల్‌లోకి దింపుకోవచ్చు. ఆలోచన బాగుంది గానీ అది కీపాస్ఎక్స్‌సీ సొంత ఏర్పాటు, ఫోన్ యాప్‌లన్నిటికీ దాని సంగతి తెలియదు. ఇంట్లో సగం మంది ఫోన్ తప్ప ఇంకేదీ ముట్టుకోరు కాబట్టి నాకు ఉపయోగపడలేదు.

రెండోది కీ ఫైల్, అంటే తాళంచెవిలా పనిచేసే ఇంకో ఫైల్. క్లౌడ్‌లో ఫైల్ పెడుతున్నాం కదా అని మాస్టర్ పాస్‌వర్డ్‌కి తోడు కీ ఫైల్ పెట్టుకుని, దాన్ని క్లౌడ్‌లో కాకుండా ఒక్కో ఫోన్‌లోకి చేత్తో కాపీ చేయడం మంచి పద్ధతే. కానీ కీ ఫైల్‌గా ఫొటోలు పెట్టుకోకండి. మా బావమరిది సరదాగా కొడుకు ఫొటో పెట్టుకున్నాడు. ఎవరు కనిపెడతారు అని మురిసిపోయాడు. ఏడాది తర్వాత ఫొటోల యాప్‌లో దాన్ని కొంచెం తిప్పి సరిచేసి సేవ్ చేశాడు, అంతే. చూడ్డానికి అదే ఫొటో, లోపలి బైట్లు మాత్రం వేరు. తాళం పడలేదు. అదృష్టం బాగుండి పాత ఫోన్‌లో అసలు కాపీ ఉంది. కీ ఫైల్‌ని ప్రోగ్రామ్ చేతే తయారు చేయించుకోండి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచండి.

ఇంకో చిన్న సంగతి. కొత్త కేడీబీఎక్స్ 4 ఫైళ్ళలో ఆర్గాన్2 అని, పాస్‌వర్డ్ ఊహించేవాడిని ఆలస్యం చేసే లెక్క ఉంటుంది, ఎంత మెమరీ తినాలో మనమే పెట్టొచ్చు. ల్యాప్‌టాప్ గట్టిది కదా అని వందల ఎంబీలు పెట్టేశారంటే ఐఫోన్‌లో ఆటోఫిల్ (పాస్‌వర్డ్ దానంతటదే నింపే ఏర్పాటు) కుప్పకూలుతుంది, అక్కడ ఆటోఫిల్‌కి దొరికే మెమరీ చాలా తక్కువ. "మీ ఫోన్‌లో వస్తోంది, నా ఫోన్‌లో రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఒకటి ఇదీ.

ఇక సర్వర్ సంగతి. మీ భయం అర్థమవుతుంది, కానీ సర్వర్‌లో పెట్టడం అంటే పాస్‌వర్డ్‌లు వాళ్ళకి చెప్పడం కాదు. బిట్‌వార్డెన్‌లో గానీ 1పాస్‌వర్డ్‌లో గానీ ఎన్‌క్రిప్షన్ మీ ఫోన్‌లోనే జరుగుతుంది, సర్వర్‌కి వెళ్ళేది తాళం వేసిన సరుకే. మీ కీపాస్ ఫైల్‌ని క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టినా వెళ్ళేది అదే కదా. ఆ మాటకొస్తే ఫైల్‌ని క్లౌడ్‌లో పెట్టి "నాది లోకల్" అనుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. తేడా తాళంలో లేదు, సరుకుని ఎలా విడదీసి పెట్టారన్న దాంట్లో ఉంది. సర్వర్ పద్ధతిలో ఒక్కో ఎంట్రీ విడిగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మీరు ఒకటి, మీ ఆవిడ ఇంకోటి ఒకే నిమిషంలో మార్చినా అవి ఢీకొనవు. మా ఇంట్లో ఏడు ఫైళ్ళ గోల అలా పోయింది.

పంచుకోవడం ఎలా జరుగుతుందో కూడా చూడండి, ఇది తెలిస్తే సగం భయం పోతుంది. ఖాతా తెరవగానే ప్రతి మనిషికీ ఒక జత తాళంచెవులు తయారవుతాయి. ఒకటి అందరికీ చూపించేది, పబ్లిక్ కీ, దాంతో మూయడమే అవుతుంది. రెండోది వాళ్ళ దగ్గరే ఉండేది, ప్రైవేట్ కీ, తెరవడానికి. దాన్ని కూడా వాళ్ళ మాస్టర్ పాస్‌వర్డ్‌తో వచ్చే కీతోనే మూసి ఉంచుతారు. ఇంటివాళ్ళందరి ఉమ్మడి వాల్ట్‌కి (పాస్‌వర్డ్‌ల బీరువా అనుకోండి) వేరే తాళంచెవి ఒకటి ఉంటుంది. మీరు మీ అమ్మాయిని చేర్చినప్పుడు, ఆ ఉమ్మడి తాళంచెవిని అమ్మాయి పబ్లిక్ కీతో మీ యాప్ మూసి పంపుతుంది, అమ్మాయి తన ప్రైవేట్ కీతో తీసుకుంటుంది. సర్వర్ మధ్యలో మూసిన కవరు అందించే మనిషే. ఆ మనిషే ఒకరి పబ్లిక్ కీ బదులు తనది ఇచ్చి మోసం చేస్తే అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే బిట్‌వార్డెన్ కొత్త మనిషిని ఖాయం చేసేటప్పుడు కొన్ని పదాల ఫింగర్‌ప్రింట్ వాక్యం చూపిస్తుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి అవే పదాలో కాదో చూసుకోవాలి. ఎవరూ చూసుకోరు, ఒకే ఇంట్లో ఉన్నప్పుడైనా చూసుకోండి.

ఇలాంటి సర్వర్ పద్ధతే నడిపే ఇంకో కంపెనీ, లాస్ట్‌పాస్, మాట ఎత్తకుండా ఇది పూర్తి కాదు. 2022 ఆగస్టులో చొరబాటు జరిగిందన్నారు, డిసెంబర్ 22న వినియోగదారుల వాల్ట్‌ల బ్యాకప్‌లు కూడా దొంగల చేతికి చేరాయని ఒప్పుకున్నారు. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి గానీ వెబ్‌సైట్ల చిరునామాలు మాత్రం తాళం లేకుండానే ఉన్నాయి, అంటే ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో చదువుకోవచ్చు. ఇంకో దారుణం, మాస్టర్ పాస్‌వర్డ్‌ని నూరే లెక్క ఉంటుంది కదా, ఎన్నిసార్లు తిప్పితే ఊహించేవాడికి అంత ఆలస్యం, అది కొత్త ఖాతాల్లో లక్ష దాకా పెంచినా చాలా పాత ఖాతాల్లో 5,000 దగ్గరే, ఇంకా పాతవాటిలో మరీ తక్కువ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ పద్ధతికి 6,00,000 సార్లు ఉండాలన్నది అందరూ చెప్పే లెక్క.

దీన్నుంచి చాలామంది నేర్చుకున్నది "సర్వర్ నమ్మొద్దు" అని. నేను నేర్చుకున్నది వేరు. సర్వర్ ఏదో ఒకరోజు దొంగతనానికి గురవుతుంది అనుకునే మొదలుపెట్టాలి, ఆ రోజు మన వాల్ట్ దొంగ చేతిలో ఉన్నా వాడికి అక్కరకు రాకూడదు. క్లౌడ్‌లో ఉన్న కీపాస్ ఫైల్‌కీ ఇదే వర్తిస్తుంది. 1పాస్‌వర్డ్ దీనికోసం సీక్రెట్ కీ అని 34 అక్షరాల, అంకెల వరస ఒకటి మీ పరికరంలోనే తయారుచేస్తుంది, అది సర్వర్‌కి వెళ్ళదు, మాస్టర్ పాస్‌వర్డ్‌తో కలిస్తేనే తాళం తెరుచుకుంటుంది. కాబట్టి మీ అమ్మగారు బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టుకున్నా సర్వర్ నుంచి ఎత్తుకుపోయినవాడికి ఊహించే అవకాశం ఉండదు. బిట్‌వార్డెన్‌లో ఆ అడ్డు లేదు, భారమంతా మాస్టర్ పాస్‌వర్డ్ మీదే. అందుకని దాన్ని ఎంచుకుంటే ఇంట్లో ప్రతి ఒక్కరి మాస్టర్ పాస్‌వర్డ్ దగ్గరా మీరు కూర్చోవాలి.

ఎలా పెట్టించాలి? పాచికల పద్ధతి వాడండి. డైస్‌వేర్ జాబితాలో 7,776 పదాలుంటాయి, ఒక పాచిక ఐదుసార్లు వేస్తే ఒక పదం. ఊహించడం ఎంత కష్టమో బిట్లలో కొలుస్తారు, ఒక్కో పదం దాదాపు 12.9 బిట్లు, ఐదు పదాలకి 64 బిట్లు దాటుతుంది, అది చాలు. పదాలు మనసులోంచి తీయొద్దని గట్టిగా చెప్పండి, మనసు ఎప్పుడూ పిల్లల పేర్ల చుట్టూనే తిరుగుతుంది.

పెట్టించాక కాగితం మీద రాయించండి. అవును, కాగితం మీదే. మా నాన్నకి మొదట్లో నేను అక్షరాలూ అంకెలూ గుర్తులూ కలిపిన పాస్‌వర్డ్ ఇచ్చాను, డైరీలో రాసుకున్నారు. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి "తెరుచుకోవట్లేదురా" అన్నారు. వీడియోలో డైరీ చూపించమన్నాను. ఐదో అక్షరం గుండ్రంగా ఉంది. అది సున్నానా, పెద్ద ఓనా, చిన్న ఓనా? రాసినాయనకే తెలియదు. ఒక్కొక్కటే ప్రయత్నించాం, మూడోసారికి తెరుచుకుంది. ఆ పక్కనే ఒకటి అంకెనో ఎల్ అక్షరమో తెలియనిది ఇంకోటి ఉండి ఉంటే ఆరు సార్లు పట్టేదేమో. అప్పటినుంచి మా ఇంట్లో అందరికీ చిన్న అక్షరాల పదాలే, మధ్యలో ఖాళీలు, అంతకుమించి ఏమీ లేదు. నాన్నకి కళ్ళజోడు లేకుండా కూడా అర్థమవుతుంది.

ఆ కాగితం మీద మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, ఈమెయిల్ పాస్‌వర్డ్, రెండో అంచె భద్రతకి ఇచ్చే రికవరీ కోడ్ కూడా ఉండాలి. ఇక్కడే చాలామంది బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసేస్తారు. కీపాస్ ఫైల్ డ్రైవ్‌లో, డ్రైవ్ పాస్‌వర్డ్ కీపాస్‌లో. ఫోన్ బాగున్నన్నాళ్ళూ తెలియదు, ఫోన్ నీళ్ళలో పడిన రోజు తెలుస్తుంది. బిట్‌వార్డెన్‌లో కూడా అంతే, కొత్త ఫోన్‌లో లాగిన్ అవ్వాలంటే మెయిల్‌కి కోడ్ వస్తుంది, మెయిల్ పాస్‌వర్డ్ బిట్‌వార్డెన్‌లో ఉంటుంది. ఏమీ లేని కొత్త ఫోన్‌తో, ఆ కాగితం ఒక్కటే పట్టుకుని లోపలికి వెళ్ళగలరా అని ఒక ఆదివారం కూర్చుని పరీక్షించి చూడండి.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు, మీరు కూడా అడగలేదు. మీకేమన్నా అయితే? ఆసుపత్రిలో నెల రోజులు అనుకోండి, లేదా అంతకన్నా పెద్దదే అనుకోండి. ఫైల్ పద్ధతిలో దీనికి జవాబు కాగితం ఒక్కటే. సర్వర్ పద్ధతిలో ఇంకో దారి ఉంది. బిట్‌వార్డెన్‌లో అత్యవసర ప్రవేశం అని పెట్టుకోవచ్చు: మీ ఆవిడ అడిగితే మీకు మెయిల్ వస్తుంది, ఒక రోజు నుంచి 90 రోజుల దాకా మీరు పెట్టిన గడువులోగా మీరు కాదనకపోతే ఆమెకి మీ వాల్ట్ తెరుచుకుంటుంది. నేను ఏడు రోజులు పెట్టాను. 1పాస్‌వర్డ్ ఫ్యామిలీ పద్ధతిలో ఆర్గనైజర్ అనే హోదా ఉన్నవాళ్ళు మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోయిన ఇంటివాళ్ళ ఖాతాని తిరిగి తెప్పించగలరు. మీ అమ్మానాన్నల లాంటివాళ్ళకి ఇది పెద్ద ఊరట, నిజం చెప్పాలంటే పెద్దవాళ్ళున్న ఇంటికి నేను 1పాస్‌వర్డ్ వైపు మొగ్గేది దీనికోసమే. కాకపోతే ఆర్గనైజర్లు ఇద్దరుండాలి. ఒక్కరే ఉండి ఆ ఒక్కరే మరిచిపోతే కంపెనీ కూడా ఏమీ చేయలేదు.

సొంత సర్వర్ పెట్టుకుంటే ఎలా ఉంటుంది, అప్పుడు రెండిటి లాభమూ వస్తుంది కదా అంటారు. బిట్‌వార్డెన్ సర్వర్ పనిని మన ఇంట్లోనే చేసే వాల్ట్‌వార్డెన్ చాలా మంచి ప్రోగ్రామ్. రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది, బిట్‌వార్డెన్ యాప్‌లే దానికీ పనిచేస్తాయి. నేనూ ఏడాదిన్నర నడిపాను. వెబ్ వాల్ట్‌కి హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసిన కనెక్షన్) తప్పనిసరి కాబట్టి దానికి కావలసిన 90 రోజుల సర్టిఫికెట్ పెట్టి, దానంతటదే రెన్యూ అయ్యేలా చేసి మరిచిపోయాను. రౌటర్ మార్చినప్పుడు ఒక పోర్ట్ (బయటినుంచి సర్వర్‌కి వచ్చే దారి) తెరవడం మరిచిపోయాను, అది కూడా నా తప్పే. రెన్యూ అవడం ఆగిపోయింది, గడువు తీరింది, అప్పటికి నేను ప్రయాణంలో ఉన్నాను. ఫోన్‌లలో ఉన్న పాత కాపీ తెరుచుకుంటూనే ఉంది కాబట్టి రెండు వారాల దాకా ఎవరికీ తెలియలేదు. కొత్తవి సేవ్ అవ్వట్లేదని మా చెల్లెలు చెప్పినప్పుడు తెలిసింది. అప్పటికి తను మూడు పాస్‌వర్డ్‌లు కాగితాల మీద పెట్టుకుని ఉంది.

ఆఫీసులో నాకు జీతం ఇచ్చి చేయించుకునే పనిని ఇంట్లో ఊరికే, అదీ అర్ధరాత్రి చేస్తున్నానని అప్పుడు అర్థమైంది. సర్వర్‌ని నడపగల రెండో మనిషి ఇంట్లో ఉంటే వాల్ట్‌వార్డెన్ పెట్టుకోండి. లేకపోతే వద్దు. మీరు లేని రోజున ఇంటివాళ్ళు చేయాల్సిన మొదటి పని లైనక్స్ నేర్చుకోవడం కాకూడదు. సరదా తీర్చుకోవాలనుంటే మీ సొంత వాల్ట్ వరకు పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు.

ఆపిల్, గూగుల్ సొంతంగా ఇచ్చేవి కూడా ఉన్నాయి. ఐఓఎస్ 17 నుంచి ఐఫోన్‌లలో పాస్‌వర్డ్‌లు, పాస్‌కీలు గ్రూప్‌గా పంచుకోవచ్చు. ఇంట్లో అందరివీ ఐఫోన్‌లే అయితే వేరే ఏదీ కొనకుండా దాంతోనే మొదలుపెట్టొచ్చు. ఒక్క ఆండ్రాయిడ్ ఉన్నా ఆ మనిషి బయటే ఉండిపోతారు.

ఏవి పంచుకోవాలి అనే దానికి నా అభిప్రాయం: అనుకున్నదాంట్లో సగమే. వైఫై, కరెంటు, నెట్, సినిమాల చందాలు, బీమా, పిల్లల స్కూల్ ఖాతా ఉమ్మడి వాల్ట్‌లో. మెయిల్, బ్యాంకు, ఎవరి సొంత ఖాతాలు వాళ్ళ వాల్ట్‌లో. ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉంటే ఇద్దరికీ విడివిడి లాగిన్ తీసుకోండి, ఒకే లాగిన్ పంచుకుంటే ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుందో వాళ్ళు పక్కన లేనప్పుడు ఆ పాస్‌వర్డ్ ఉండీ లేనట్టే. 30 సెకన్లకి మారే ఆరంకెల కోడ్ ఇచ్చే సైట్లయితే ఆ కోడ్‌ని కూడా ఉమ్మడి ఎంట్రీలోనే పెట్టొచ్చు, ఇద్దరికీ కనబడుతుంది. పాస్‌వర్డూ కోడూ ఒకే చోట పెడితే రెండో అంచెకి అర్థమేముంది అంటారు కొందరు. కరెంటు ఖాతాకి ఆ మాత్రం చాలు. మెయిల్‌కి మాత్రం అలా చేయకండి.

కాలేజీ అమ్మాయి వాల్ట్‌లోకి తొంగిచూసే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. తన సొంత వాల్ట్ మీకు కనబడదని తనకి నమ్మకం కుదిరితేనే వాడుతుంది. అలాగే "పాస్‌వర్డ్ కనబడకుండా పంచుకో" అనే ఆప్షన్‌ని నమ్ముకోకండి. బ్రౌజర్‌లో నింపగలిగిన పాస్‌వర్డ్‌ని కొంచెం తెలిసినవాళ్ళు చూడగలరు. ఎవరినైనా గ్రూప్ నుంచి తీసేస్తే ఆ తర్వాత చేర్చినవి వాళ్ళకి కనబడవు, అంతవరకే. అప్పటిదాకా చూసినవి మార్చుకోవాల్సిందే, ఫైల్ అయినా సర్వర్ అయినా.

ఇంట్లో వాళ్ళకి ఇవన్నీ చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం నేర్పండి: యాప్ తనంతట తను పాస్‌వర్డ్ చూపించకపోతే చేత్తో వెతికి అతికించొద్దు, ఆగి ఫోన్ చెయ్యి అని. యాప్ సైట్ చిరునామా చూసి నింపుతుంది. దొంగ సైట్ అచ్చం అసలుదానిలా ఉన్నా చిరునామా వేరు, కాబట్టి అక్కడ ఊరుకుంటుంది. మా అత్తగారు ఒకసారి అలా ఆగి ఫోన్ చేశారు, పార్సిల్ చిరునామా సరిచేయండి అని వచ్చిన లింకు అది. ఆవిడ అన్న మాట "ఇది ఇవాళ అలిగింది బాబూ, నింపట్లేదు". అలిగితే అలగనివ్వండి అన్నాను.

మీరు సర్వర్‌కి మారినా మీ కీపాస్‌ని పారేయకండి, బ్యాకప్‌గా అది బంగారం. బిట్‌వార్డెన్ నుంచి ఎగుమతి చేసిన జేసన్ అనే రకం ఫైల్‌ని కీపాస్ఎక్స్‌సీ 2.7.7 నుంచి నేరుగా తీసుకుంటుంది. నేను మూడు నెలలకోసారి అలా దింపి కేడీబీఎక్స్‌గా పెన్‌డ్రైవ్‌లో పెడతాను. రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, మీ సొంత వాల్ట్ ఎగుమతి చేస్తే అందులో ఉమ్మడివి రావు, వాటిని విడిగా ఎగుమతి చేయాలి. రెండోది, ఎన్‌క్రిప్ట్ చేసిన ఎగుమతి కావాలంటే రెండు రకాలు చూపిస్తుంది, ఖాతాకి కట్టేసినది, పాస్‌వర్డ్ పెట్టినది. ఖాతాకి కట్టేసినది ఆ ఖాతాలోనే తెరుచుకుంటుంది. ఖాతా పోతే దాచుకుందామని తీసిన కాపీ ఆ ఖాతా ఉంటేనే పనిచేస్తే ఏం లాభం? పాస్‌వర్డ్ పెట్టినదే తీయండి.

మారేటప్పుడు అందర్నీ ఒకేసారి లాగకండి. ముందు మీరు, మీ ఆవిడ. బిట్‌వార్డెన్‌లో ఇద్దరు పంచుకోవడానికి రెండు కలెక్షన్ల (ఉమ్మడి అరల) దాకా ఉచితమే, నెల రోజులు అలా నడిపి చూడండి. మీరు అడగకుండానే మీ ఆవిడ ఏదైనా కొత్త పాస్‌వర్డ్ తనంతట తను ఉమ్మడి దాంట్లో సేవ్ చేసిందంటే అప్పుడు ఆరుగురి ఫ్యామిలీ పద్ధతి తీసుకుని అమ్మాయినీ, అమ్మానాన్నల్నీ చేర్చండి. ఈలోగా పాత ఫైల్‌ని రాయడానికి వీల్లేకుండా పెట్టండి, లేకపోతే అలవాటు కొద్దీ మీరే అందులో రాస్తారు. నేను రాశాను. ఇక కీపాస్ నుంచి కొత్తదాంట్లోకి తరలించడానికి ఎగుమతి చేసిన ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ తాళం లేకుండా మామూలు అక్షరాల్లో ఉంటాయి. దాన్ని సింక్ అయ్యే ఫోల్డర్‌లో సేవ్ చేయకండి, పని అవగానే డౌన్‌లోడ్స్‌లోంచి తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.